స్విచ్ మీద టోపీ

తమ్ముడి సామాను పోలీస్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన రోజునే టోపీ పోయిందని మాకు తెలిసింది.

అట్టపెట్టె పెద్దదేమీ కాదు. అమ్మ దాన్ని వంటగది బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీసింది. బూట్లు. స్పానర్ల సంచి. అద్దం పగిలిన సెల్‌ఫోను. కడగని క్యారేజీ. అన్నీ తీసి, మళ్లీ అన్నీ లోపల పెట్టి, మళ్లీ తీసింది.

"టోపీ ఏది?"

అమ్మ నావైపు తిరిగింది.

"ఏమే, నిన్నే అడుగుతున్నది. టోపీ ఏదీ?"

"లిస్టులో లేదమ్మా," అన్నాను.

లిస్టు నా చేతిలోనే ఉంది. పదకొండు వస్తువులు, కింద నా సంతకం. సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదివాను. ఉన్నవన్నీ సరిచూశాను. లేనిదాన్ని గమనించలేదు. పాతికేళ్లుగా పిల్లల హాజరు పిలుస్తున్న మనిషిని.

"లిస్టులో లేకపోతే లోకంలోనే లేనట్టా? ముప్పై ఏళ్ల నాటి టోపీ అది. మీ నాన్న నెత్తిన ఇరవైమూడేళ్లు, వాడి నెత్తిన ఏడేళ్లు. అంచు చిరిగితే ఎర్ర దారంతో కుట్టింది నేను. కళ్లు మూసుకుని తడిమినా ఎవరి టోపీయో చెప్పొచ్చు."

నాన్న కిటికీ దగ్గర కూర్చుని గొళ్లెం విప్పుతున్నారు. తమ్ముడు పోయినప్పటినుంచీ, పంతొమ్మిది రోజులుగా, ఆయన మా ఇంట్లో చెడిపోనివన్నీ బాగుచేస్తున్నారు. కుళాయిలు అయ్యాయి, తలుపు బందులు అయ్యాయి, ఇప్పుడు కిటికీ గొళ్లేలు. అమ్మ మాట ఆయనకు వినపడింది. స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

మరదలు పెట్టె అడుగునుంచి ఇంకో కాగితం తీసింది. తమ్ముడి భార్య టైలరింగ్ యూనిట్లో కటింగ్ చేస్తుంది. దేన్నయినా అంచు చూసి, తిన్నగా ఉందో లేదో తేల్చుకుని గాని చదవదు.

"ఇది కేసు కాగితం వదినా," అంది. తర్వాత పైకి చదివింది. "'సదరు సూపర్‌వైజరు అజాగ్రత్తగా, నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఒక వ్యక్తి మరణానికి కారణమైనందున...'"

"ఏంటీ?" అంది అమ్మ.

"నిర్లక్ష్యం అత్తయ్యా."

"పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే నిర్లక్ష్యం. నా కొడుకు గొయ్యిలో దిగి రిపేరు చేస్తుండగా వాడి నెత్తిమీదికి లిఫ్టు వదిలితే నిర్లక్ష్యమా?" అమ్మ ఆ కాగితాన్ని లాక్కుంది. కళ్లజోడు లేకుండా ఆమె చదవలేదు. అయినా చాలాసేపు చూసింది. "హత్య అని రాయమను. పద, ఆ లాయరు దగ్గరికే పోదాం. ఏమండీ, లేవండి."

నాన్న లేవలేదు.

"ఏమండీ, మిమ్మల్నే!"

"మీరు వెళ్లిరండి," అన్నారు నాన్న. "గొళ్లెం విప్పి ఉంది."

"గొళ్లెం విప్పి ఉందట," అంది అమ్మ, మాకెవరికీ కాకుండా, గోడకి చెప్పినట్టు. "దొంగలు పడి దోచుకోవడానికి ఇంకేం మిగిలిందని!"

*

మా లాయరు జిరాక్సు షాపు మీద మేడ గదిలో ఉంటుంది. ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివిన పిల్ల. దేనికీ ఒకపట్టాన తృప్తిపడేది కాదు, అందుకని క్లాసంతా ఆమెను 'ఎందుకు' అని పిలిచేది. ఇప్పుడు ముప్పై దాటాయి. నేను గదిలోకి వస్తే ఇప్పటికీ లేచి నిలబడుతుంది.

అమ్మ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"చూడమ్మాయ్. నాకు చట్టాలు తెలియవు. నా కొడుకుని చంపాడు. చంపితే హత్య. అంతే కదా? ఈ నిర్లక్ష్యం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"కూర్చోండి బామ్మగారూ."

"కూర్చోను."

"సరే, నిలబడే వినండి." లాయరు కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. "టీచర్, మీకు గుర్తుందా? ఐదో తరగతిలో ఒకడు నన్ను మెట్లమీంచి తోసేశాడు. మోకాలు పగిలి నెత్తురు కారుతుంటే, మీరేమో తోసినవాణ్ణి నిలబెట్టి గంటసేపు ఒకటే ప్రశ్న. 'చూడలేదా? చూసీ తోశావా? పడాలనే తోశావా?' నాకు మోకాలు మంట, మీకు ఆ మూడు మాటల గొడవ. మీమీద ఎంత కోపమొచ్చిందో!"

"వాడు చూడలేదు," అన్నాను. నాకు గుర్తుంది.

"చూడలేదు. అందుకే మీరు వాణ్ణి కొట్టలేదు, నాకు కట్టు కట్టే పని వాడికే అప్పజెప్పారు. ఇవాళ నేను బతుకుతున్నది ఆ గొడవ మీదే." ఆమె అమ్మవైపు తిరిగింది. "బామ్మగారూ, మూడింటిలోనూ మోకాలు ఒకేలా పగులుతుంది. చట్టం మోకాలు ఒక్కటే చూడదు. తోసినవాడి బుర్రలో ఏముందో కూడా చూస్తుంది."

"మోకాలూ, ప్రాణమూ ఒకటేనా?"

"కాదు. అయినా అడిగే ప్రశ్న అదే. చూసుకోవలసినవాడు చూసుకోలేదు, మనిషి పోయాడు. అది నిర్లక్ష్యం. పోలీసులు రాసింది ఇది. చంపాలనే స్విచ్ వేశాడు. అది హత్య. మీరు రాయమంటున్నది అది. అతనికి మీ అబ్బాయిని చంపాలని ఉందా?"

ఆ సూపర్‌వైజరు ఇరవై ఏళ్ల కుర్రాడిగా లిఫ్టు కంపెనీలో మా నాన్న చేతికింద హెల్పరుగా చేరినవాడు. మా వంటింట్లో కూర్చుని అన్నం తిన్నవాడు. తమ్ముడికి సైకిల్ నేర్పినవాడు.

"లేదు," అన్నాను అమ్మ బదులు.

"అయితే హత్య అని అడగొద్దు. ఎక్కువ అడిగితే ఉన్నది కూడా పోతుంది. అవతలి లాయరు నవ్వి, 'పగ ఏది, కారణం ఏది?' అంటాడు. మనం నీళ్లు నమలాలి." లాయరు పెన్ను తీసి, కాగితం మీద రెండు గీతలు గీసి, ఆ రెంటి మధ్యనున్న ఖాళీలో వేలు పెట్టింది. "ఈ రెండింటికీ మధ్య ఇంకోటుంది. చంపాలని లేదు. కానీ ఈ పని చేస్తే మనిషి పోయే అవకాశం ఉందని తెలుసు. తెలిసీ చేశాడు. పుస్తకంలో దాని పేరు పొడుగ్గా ఉంటుంది, హత్య కాని నరహత్య అని. జనం దాన్ని హత్యతోనో, నిర్లక్ష్యంతోనో కలిపేస్తారు. నిర్లక్ష్యం అయితే అతనికి అదే రోజు బెయిలు, మహా అయితే కొద్దికాలం. ఇది అయితే ఏళ్లు."

"తెలుసని ఎవరు చెప్పాలి?" అంది అమ్మ. ఇప్పుడు కూర్చుంది.

"అక్కడికే వస్తున్నా. పద్ధతి ప్రకారం ఏం చెయ్యాలి? గొయ్యిలో దిగేవాడు ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి తన తాళం వేయాలి. 'మనిషి లోపల ఉన్నాడు' అన్న ఎర్ర పలక తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాలి. మీవాడు స్విచ్ ఆపాడు. తాళం లేదు. పలక లేదు. ఉన్నదల్లా ఒక టోపీ. సూపర్‌వైజరు ఏమని రాసిచ్చాడో తెలుసా?" ఆమె ఇంకో కాగితం తీసింది. "'స్విచ్ మీద పాత గుడ్డ ఏదో వేలాడుతుంటే ఎవరో మరిచిపోయారనుకుని తీసి పక్కన పెట్టాను. లోపల మనిషి ఉంటాడని నేను అనుకోలేదు.'"

"గుడ్డట!" అంది అమ్మ.

"గుడ్డే అయితే నిర్లక్ష్యం. అది లోపల మనిషి ఉన్నాడని చెప్పే గుర్తు అయితే, ఆ గుర్తు అతనికి తెలిసుంటే, తెలిసీ చేసినట్టు. కేసంతా ఆ టోపీ మీద ఉంది బామ్మగారూ. టోపీ ఏమో కనిపించడం లేదు. వాళ్ల గుంపులో నలుగురు మెకానిక్కుల్నీ కలిశాను. నలుగురికీ ఏమీ గుర్తులేదట. ఉద్యోగాలు కదా."

ఆమె నన్ను చూసింది.

"మీ నాన్నగారు ఆ గుంపుకి పాతికేళ్లు పెద్ద మేస్త్రిగా ఉన్నారు. స్విచ్ మీద టోపీ పెడితే ఏమిటర్థమో ఆయన చెప్పాలి. ఆ సూపర్‌వైజరుకి అది ఎలా తెలుసో చెప్పాలి. సోమవారం పదకొండింటికి కోర్టులో ఆరోపణ మార్చమని అర్జీ వేస్తాను. ఆయన వాంగ్మూలం లేకుండా వేస్తే చింపి పారేస్తారు."

"ఆయన చెబుతారు," అంది అమ్మ. "సొంత కొడుకు. ఎందుకు చెప్పరు?"

లాయరు పెన్ను మూత పెట్టింది. "అదే నేనూ అడుగుదామనుకున్నాను. మూడుసార్లు కబురు పెట్టాను. ఎందుకు రాలేదు?"

ఆమె చిన్నప్పుడు ఆ ప్రశ్నకి నా దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది.

*

ఇంటికొచ్చేసరికి వాకిట్లో పరాయి బూట్లున్నాయి.

ముందు గదిలో స్టూలు మీద సూపర్‌వైజరు కూర్చుని ఉన్నాడు. కంపెనీలో అందరూ అతన్ని 'గడియారం' అంటారు. ఏ లిఫ్టు ఆగినా అరగంటలో కదలాలి, లేకపోతే మనిషి మనిషిగా ఉండడు. ఎదురుగా నాన్న, ఒళ్లో విప్పిన గొళ్లెం. వంటగది గుమ్మంలో మరదలు, చేతిలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర.

"అది పక్కన పెట్టు," అన్నాను మెల్లగా.

"నిర్లక్ష్యంగా పట్టుకోలేదులే వదినా," అంది మరదలు. కత్తెర పెట్టలేదు.

గడియారం లేచి నిలబడ్డాడు. "టీచరుగారూ. అమ్మా. నేను గురువుగారితో రెండు మాటలు..."

"గురువుగారా?" అంది అమ్మ. "ఆ పిలుపు నీ నోటికి ఇంకా వస్తోందా? ఎవరు రానిచ్చారు వీణ్ణి ఇంట్లోకి?"

"నేనే," అన్నారు నాన్న.

అమ్మ ఆయనవైపు ఒక్కసారి చూసింది. పెట్టె ఉన్న వంటగదిలోకి వెళ్లి, తలుపు వేసుకోకుండా నిలబడింది.

"నేను కావాలని చేశానా గురువుగారూ?" గడియారం కూర్చోలేదు. "కింద జనం. పదో అంతస్తులో ముసలాయన, చక్రాల కుర్చీ, ఆస్పత్రికి పోవాలి. బిల్డింగు ఓనరు నాలుగుసార్లు ఫోను. నా తలమీద కూర్చున్నారు. నేనేం రాక్షసుణ్ణా? వాణ్ణి భుజాన ఎక్కించుకుని తిప్పినవాణ్ణి."

"ఆ మాట అనకు," అన్నాను.

"అనకపోతే ఎలా టీచరుగారూ? మీ లాయరమ్మ తెలిసే చేశాడని అర్జీ పెడుతుందట. నాకు ఎలా తెలుస్తుంది? నేను పిలిచాను! గోడకి ఇవతలనుంచి గట్టిగా రెండుసార్లు పిలిచాను. పలకలేదు. పైకొచ్చేశాడు కాబోలు అనుకున్నాను. అప్పుడే స్విచ్ వేశాను. పిలిచానండీ, ఒట్టు."



నేను క్లాసులో గొంతు పెంచే మనిషిని కాను. ఆ రోజూ పెంచలేదనే అనుకుంటున్నాను. తర్వాత మరదలు చెప్పింది, మేడ మీద వాళ్లు కూడా కిందికి తొంగిచూశారట.

"ఎవర్ని పిలిచావు?"

"ఏంటండీ?"

"స్టేషన్‌లో రాసిచ్చింది నువ్వే కదా. పాత గుడ్డ ఏదో వేలాడుతోంది, లోపల ఎవరైనా ఉంటారనుకోలేదు అని. ఎవరూ లేరనుకున్నవాడివి రెండుసార్లు ఎవర్ని పిలిచావు? గుడ్డనా?"

అతను గుమ్మం వైపు చూశాడు.

"ఆ రోజు గొయ్యిలో నీళ్లు తోడే మోటారు మోగుతోంది," అంది మరదలు గుమ్మంలోంచి. ఆమె గొంతు సన్నగా, తిన్నగా ఉంది. "ఆయన పొద్దున నాతో చెప్పే వెళ్లారు, ఇవాళ నీళ్లు తోడాలి అని. ఆ మోతలో పిలిస్తే ఏం వినిపిస్తుంది? పది అడుగులు వేసి తొంగి చూడ్డానికి నీకు అంత తీరిక లేకపోయిందా?"

"ఇదంతా నేను అనలేదంటాను," అన్నాడు గడియారం. గొంతు మారింది. "ఇంట్లో అన్న మాటకి సాక్ష్యం ఎవరు? మీ ఆడవాళ్లేగా. గురువుగారూ, చివరిసారి చెబుతున్నాను. మీరు కోర్టుకెక్కి టోపీ అంటే మనిషి ఉన్నాడని గుర్తు అని చెబితే, మొదటి ప్రశ్న ఏమడుగుతారు? ఆ గుర్తు పెట్టింది ఎవరు? తాళాలు స్టోరులో తుప్పు పట్టనిచ్చింది ఎవరు? పలక అక్కర్లేదు, మన టోపీ చాలు అని మాకందరికీ నేర్పింది ఎవరు? నేనా?"

నాన్న గొళ్లేన్ని ఒళ్లోంచి తీసి కిటికీ అంచు మీద పెట్టారు.

"నేను జైలుకి పోతే పోతాను," అన్నాడు గడియారం. "మీ పేరు కూడా నాతోపాటు వస్తుంది. ముప్పై ఏళ్ల పేరు. ఆలోచించుకోండి."

"టోపీ ఏం చేశావు?" అని అడిగారు నాన్న. అతను వచ్చినప్పటినుంచీ నాన్న అతన్ని అడిగింది అదొక్కటే.

గడియారం బూట్లు వేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"కింద పారేయలేదు గురువుగారూ," అన్నాడు చివరికి. "నేనెప్పుడూ ఆ టోపీని కింద పారేయలేదు."

అది ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. వెళ్లిపోయాడు.

*

అమ్మ వంటగదిలోంచి వచ్చింది. చేతిలో తమ్ముడి క్యారేజీ ఉంది. కడుగుతూ కడుగుతూ వచ్చేసినట్టుంది, చేతులనుంచి నీళ్లు కారుతున్నాయి.

"వాడు అన్నది నిజమా?"

"ఏది?" అన్నారు నాన్న.

"నాతో ఆటలొద్దు. తాళం వద్దు, టోపీ చాలు అన్నది మీరేనా?"

నాన్న తల ఊపారు.

నేను ఆయన నోటినుంచి ఆ కథ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఇరవై రెండేళ్ల కిందట ఒక వానరోజు. స్టోరు పక్క వీధిలో. తాళం కావాలంటే పుస్తకంలో రాసి, స్టోరు గుమస్తా టీ తాగి వచ్చేదాకా నిలబడి, మళ్లీ వానలో వెనక్కి రావాలి. ఆయన టోపీ తీసి స్విచ్ పిడికి తగిలించి, "ఇది నా తలకాయ అనుకోండి, ఎవడూ చెయ్యి వేయొద్దు" అని గొయ్యిలో దిగారు. ఎవరూ వేయలేదు. మర్నాడూ వేయలేదు. గుంపులో మిగతావాళ్లూ తమ తమ టోపీలు తగిలించడం మొదలుపెట్టారు. తనిఖీకి వచ్చిన రోజుల్లో మాత్రం తాళాలు, పలకలు బయటికొచ్చేవి. తనిఖీ అయిపోగానే లోపలికి పోయేవి.

"మనవాళ్ల మాట తాళం కన్నా గట్టిదని చెప్పుకునేవాళ్లం," అన్నారు నాన్న. "నాకు గర్వంగా ఉండేది."

"గర్వం!" అంది అమ్మ.

"రిటైరైన రోజు ఆ టోపీ తీసి వాడి తలమీద పెట్టాను."

"నాచేత అంచు కుట్టించి మరీ పెట్టారు. ఎర్ర దారమైతే దూరానికి కనిపిస్తుందన్నారు. ఎందుకు కనిపించాలో చెప్పలేదు." అమ్మ క్యారేజీని బల్ల మీద కొట్టింది. మూత ఎగిరి నేల మీద పడి, గిరగిరా తిరిగింది. ఆగేదాకా అందరం దాన్నే చూశాం. "ఏడేళ్లు. రోజూ పొద్దున వాడు ఆ టోపీ పెట్టుకుని గుమ్మం దాటేవాడు. నేను చూసి మురిసిపోయేదాన్ని. అచ్చం వాళ్ల నాన్నలాగే ఉన్నాడని."

"అత్తయ్యా," అంది మరదలు.

"నువ్వాగు. నీకు తెలుసా ఇది?"

మరదలు కత్తెరని ఇప్పుడు కింద పెట్టింది. "టోపీ సంగతి తెలుసు. తాళం ఉండాలని తెలియదు. ఇది మామయ్య పద్ధతి అని ఆయన అనేవారు. మామయ్య పద్ధతి అంటే ఇంక నేనేం అడుగుతాను?"

అమ్మ నాన్న ఎదురుగా, గడియారం కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది. పొద్దుటినుంచీ అరిచిన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. నాకు అరుపులే నయమనిపించింది.

"ఇవాళ ఆ అమ్మాయి నాకు మూడు చెప్పింది. నాకు బాగానే ఎక్కింది. చూసుకోకపోవడం ఒకటి. తెలిసీ చేయడం ఒకటి. కావాలని చేయడం ఒకటి." ఆమె మూడు వేళ్లు ఆయన ముఖం ముందు పెట్టింది. "చెప్పండి. ఈ మూడింట్లో మీది ఏది?"

"అమ్మా!" అన్నాను.

"నువ్వు మధ్యలోకి రాకు. చట్టానికి అందరూ సమానమేగా. వాడికో లెక్క, ఈయనకో లెక్కా? చెప్పండి, ఏది?"

కిటికీకి గొళ్లెం లేకపోవడంతో రెక్క గాలికి కొట్టుకుంటోంది. నాన్న లేచి దాన్ని చేత్తో పట్టుకున్నారు.

"మొదటిది అని చెప్పుకుంటూ వచ్చాను పంతొమ్మిది రోజులూ," అన్నారు. "మొదటిది కాదు. నేనున్నంతకాలం ఎవడూ తీయడని తెలుసు. నేను లేని రోజు ఎవడో ఒకడు తీస్తాడని కూడా తెలుసు. అదీ తెలుసు. తెలిసే వాడి తలమీద పెట్టాను."

అమ్మ లేచి, నేలమీది మూత తీసి, క్యారేజీకి పెట్టి, వంటగదిలోకి వెళ్లింది. ఈసారి తలుపు వేసుకుంది.

*

లాయరుకి ఫోను చేశాను. అంతా వింది.

"'పిలిచాను' అన్నది మనకి దొరికిన పెద్ద మాట టీచర్. కానీ రేపు అనలేదంటాడు. దాన్ని నిలబెట్టాలన్నా ముందు మీ నాన్నగారి మాట కావాలి."

"ఆయన మీదికి కేసు వస్తుందా?"

"రాదని నేను చెప్పలేను. ప్రశ్నలు మాత్రం తప్పకుండా వస్తాయి. అందరి ముందూ వస్తాయి." గొంతు తగ్గించింది. "నేనైతే మిమ్మల్ని బలవంతపెట్టను టీచర్. సోమవారం పదకొండు. ఆ తర్వాత నిర్లక్ష్యం కిందే నడుస్తుంది. మార్చడం నా తరం కాదు."

సాయంత్రం వెలుతురు ఉండగానే నేను బల్ల దగ్గర కూర్చున్నాను. తమ్ముడి పెట్టెని పక్కకి జరిపి, తెల్లకాగితం పెట్టుకున్నాను. పిల్లల సెలవు చీటీలు, బదిలీ పత్రాలు, తల్లిదండ్రులకి ఉత్తరాలు, ఎన్నో రాశాను. ఏ మాటకి ఎంత బరువో నాకు తెలుసనే అనుకునేదాన్ని. మొదటి వాక్యానికే నాలుగు కాగితాలు నలిపి పారేశాను.

చివరికి ఒక పేజీ అయింది. నాన్న వచ్చి నా వెనక నిలబడి చదివారు.

"ఇక్కడ," అని వేలు పెట్టారు. "'గుంపులో టోపీ తగిలించే అలవాటు ఉండేది' అని రాశావు."

"ఉండేది కదా నాన్నా."

"దానంతటది పుట్టుకొచ్చినట్టుంది. తీసెయ్యి. 'నేను మొదలుపెట్టాను' అని రాయి. 'ఈ సూపర్‌వైజరుకి పదకొండేళ్లు నేనే నేర్పాను' అని రాయి."

"అంత అక్కర్లేదు. లాయరు..."

"నువ్వు నన్ను కాపాడుతూ రాస్తున్నావు," అన్నారు. కోపంగా కాదు. కానీ అంత కఠినమైన మాట ఆయన నన్ను జన్మలో అనలేదు. "వాడికి తెలుసని చెప్పాలంటే, నేను నేర్పానని చెప్పాలి. ఒకటి లేకుండా రెండోది లేదు."

కొట్టేసి రాశాను. మరదలు వచ్చి చూసి, కింద సంతకానికి జాగా ఎక్కడో స్కేలుతో గీత గీసింది.

నాన్న పెన్ను అందుకున్నారు. అప్పుడే వంటగది తలుపు తెరుచుకుంది.

"పెట్టొద్దు," అంది అమ్మ.

ముగ్గురం తిరిగి చూశాం. పొద్దున హత్య అని రాయమన్న మనిషి.

"అది చదివి అందరూ ఏమంటారు? తండ్రే చంపుకున్నాడంటారు. ఆ మాట నేను అనాలి. నేనొక్కదాన్నే అనాలి. ఊళ్లోవాళ్లు అనడానికి వీల్లేదు."

"మరి వాణ్ణి వదిలేద్దామా అత్తయ్యా?" అంది మరదలు. "ఆయన నెత్తిమీది టోపీ తీసి పక్కన పెట్టి స్విచ్ వేసినవాణ్ణి? సోమవారం కోర్టులోంచి చేతులూపుకుంటూ వస్తాడు. రేపు ఇంకో గొయ్యి మీద ఇంకో స్విచ్ వేస్తాడు. మీ పరువు కోసమా?"

"పరువు నాకెందుకే!" అంది అమ్మ. "ఒక్కడు పోయాడు. ఈయన్ని కూడా నా చేత్తో అప్పగించమంటావా?"

నాన్న అమ్మవైపు చూస్తున్నారు, అమ్మ కాగితం వైపు చూస్తోంది. పెన్ను ఆయన చేతిలోనే ఉంది, మూత తీసి ఉంది.

అది శుక్రవారం సాయంత్రం. కాగితం బల్ల మీద, తమ్ముడి స్పానర్ల సంచి కింద ఎగరకుండా పెట్టి ఉంది. కిటికీకి గొళ్లెం బిగించలేదు. టోపీ దొరకలేదు. గీత మీద సంతకం పడలేదు.